పరగడుపు నడక

అండాలమ్మ దగ్గర రెండు టేపులున్నాయి. ఒకటి పసుపుపచ్చనిది, పాతది. ఇరవై ఏళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్ ఆడవాళ్ళ భుజాలూ నడుములూ కొలిచి కొలిచి అంకెలు సగం అరిగిపోయినది. రెండోది తెల్లనిది, పోయిన దసరాకు కొన్నది. ఒకే గుడ్డను రెండింటితోనూ కొలిస్తే పావు అంగుళం తేడా వచ్చేది. ఏది ఒప్పో ఏది తప్పో ఆమె ఎన్నడూ తేల్చుకోలేదు. పాతదానితో కొలిచినదాన్ని పాతదానితోనే కోసేది, కొత్తదానితో కొలిచినదాన్ని కొత్తదానితో. ఆమె నేర్చిన కుట్టుపనిలో ఇంతకు మించిన శాస్త్రం లేదు.

ఆ శాస్త్రం తన నెత్తురుకూ వర్తిస్తుందని మాత్రం, సకల జనుల సమ్మె జరిగిన ఆ యేడు దాకా ఆమెకు తెలియదు.

అప్పటికి మూడున్నరేళ్ళ కిందట అండాలమ్మ గొంతులో ఉసిరికాయంత గడ్డ లేచింది. థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. గ్రంథిని మొత్తంగా తీసేశారు. అయోడిన్ మందు తాగించి కొన్నాళ్ళు ఒంటరి గదిలో ఉంచారు. ఇక దిగులు లేదన్నారు గాని ఊరికే వదల్లేదు. రోజూ పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకోమన్నారు, ఆరు నెలలకోసారి రక్తం ఇచ్చిపొమ్మన్నారు. థైరోగ్లోబ్యులిన్ అనే ఒక పదార్థాన్ని ఆ గ్రంథి తప్ప ఒంట్లో మరేదీ తయారు చేయదట. గ్రంథే లేనివాళ్ళ రక్తంలో అది కనబడకూడదట.

"ఖాళీ చేసిన ఇంట్లోంచి పోపు వాసన వస్తే ఏమనుకుంటారు?" అని అడిగింది డాక్టరమ్మ. "ఎవరో మళ్ళీ చేరి పొయ్యి వెలిగించారనుకుంటారు కదా. ఈ పరీక్షా అంతే."

ఐదుసార్లు ఇచ్చింది రక్తం. ఐదుసార్లూ ఎల్బీ నగర్‌లో సాంబమూర్తి ల్యాబులోనే. ఐదుసార్లూ కాగితం మీద ఒకటే మాట: 0.2 కన్నా తక్కువ. ఇల్లు ఖాళీ, పొయ్యి చల్లన. ఆరోసారి జూలైలో బంద్ వచ్చిపడింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. దూరం పోలేక సందు చివర కొత్తగా తెరిచిన మరో ల్యాబులో ఇచ్చింది. ఆ కాగితం మీద 0.9 అని వచ్చింది.

డాక్టరమ్మ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసి, రెంటినీ దూరంగా జరిపింది. "ఒక్కో మిషన్‌ది ఒక్కో కొలత. కొందరి రక్తం కొన్ని మిషన్లను తికమక కూడా పెడుతుంది. దీన్నీ దాన్నీ పోల్చి భయపడకండి. రెండు నెలలాగి పాత ల్యాబులోనే ఇవ్వండి. అక్కడా పెరిగిందనుకోండి, అప్పుడు స్కాన్ తీయించి ఏం చేయాలో చూద్దాం."

భయపడకండి అన్న మాట ఆస్పత్రి గడపలోనే ఆగిపోయింది. ఏం చేయాలో చూద్దాం అన్న మాట మాత్రం అండాలమ్మ వెంట ఇంటికి వచ్చింది. వంటింట్లో కూర్చుంది, కుట్టుమిషన్ పక్కన కూర్చుంది, రెండు నెలలు కదలకుండా కూర్చుంది.

అంతకు ముందే, జూన్‌లో, భర్త లింగస్వామి చిలకపచ్చ పట్టు ముక్క ఒకటి తెచ్చాడు. ఆయన ఆర్టీసీ డ్రైవరు. బస్సును మలుపు తిప్పినంత నిదానంగా మాటను తిప్పుతాడు. "సద్దుల బతుకమ్మకు కుట్టుకోవే. గీ సారన్న గుండ్రం మెడ పెట్టుకో. ఆ కాలర్ల జాకెట్లేసుకుంటె నువ్వు కండక్టర్ లెక్క కనబడుతున్నవ్." ఆపరేషన్ మచ్చ కనబడకుండా ఆమె మూడేళ్ళుగా కాలరు మెడలే కుట్టుకుంటున్నది. ఆయన మాటకు నవ్వి, సరేనన్నది. కాని 0.9 వచ్చాక ఆ ముక్క మడత విప్పలేదు. వీధిలోని ఆడవాళ్ళందరికీ పండుగ జాకెట్లు కుట్టింది. తనది మాత్రం మిషన్ సొరుగులోనే నిద్రపోయింది.

రెండు నెలలూ గడిచే సరికి సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి, బడులు మూతబడ్డాయి, లింగస్వామి సమ్మె టెంటు కిందికి చేరాడు. ఆ గురువారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా హైవే మీద వంటావార్పు అన్నారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, అడుగు కదలకుండా దారిని ఆపడం.

అండాలమ్మకు ఆ గురువారమే కావాలి. ఆ పరీక్షను సాంబమూర్తి రక్తం పంపే పెద్ద ల్యాబులో వారానికి ఒక్కరోజే, గురువారం మధ్యాహ్నమే పెడతారు. పన్నెండింటికల్లా ఐసుపెట్టె మనిషి సాంబమూర్తి దగ్గరికి వచ్చి రక్తం గొట్టాలు పట్టుకుపోతాడు. శనివారం డాక్టరమ్మను చూడాలి. ఆ శనివారం తప్పితే డాక్టరమ్మ మళ్ళీ దొరికేది నెల తరువాతే. ఇంకో నెల ఆ మాటతో కాపురం చేయడం తన వల్ల కాదనుకున్నది.

"నేను రావాల్నా?" అని తెల్లవారుతుండగానే అడిగాడు లింగస్వామి, భుజం మీద తువ్వాల సర్దుకుంటూ.

"నువ్వు పోయి పప్పు వండుపో. ఇంట్లె ఎన్నడన్న పొయ్యి మొకం జూసినవా? రోడ్డు మీదనన్న వండు."

ఆయన వెళ్ళాక, తొమ్మిదింటికి, ఆమె రాత్రి నుంచీ పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టని కడుపుతో మెట్లు దిగింది. కింద ఇంటి ఓనరు కోటేశ్వరమ్మ చెప్పులేసుకుని తయారుగా నిలబడి ఉంది. తెనాలి నుంచి వచ్చి పాతికేళ్ళయినా ఆమె మాటకు హైదరాబాదు గాలి సోకలేదు.

"పద. నేనూ వస్తున్నా."

"నువ్వెందుకక్కా? గిసొంటి రోజు, రోడ్డు మీద అందరూ మావోళ్ళే ఉంటరు. ఎవరన్న ఏమన్న అంటె?"

"నోరు విప్పితేగా నా ఊరు తెలిసేది! విప్పను. నువ్వు కళ్ళు తిరిగి పడిపోతే ఎత్తేవాళ్ళు ఉండొద్దూ? ముఖం చూడు, ఆరేసిన గుడ్డలా ఉంది. కాసిని పాలైనా తాగచ్చుగా?"

"పరగడుపున ఇయ్యాలక్కా. మాత్ర పరగడుపు, రక్తం పరగడుపు. మూడేండ్ల సంది గదే నియమం."

అలా బయలుదేరారు ఇద్దరూ. తినడానికి నోరు తెరవకూడదు ఒకామె. మాట్లాడడానికి నోరు తెరవకూడదు ఒకామె.

రోడ్డు మాత్రం ఆనాడు నోటినిండా తింటున్నది, నోరారా పాడుతున్నది. ఏ రోజూ ఇసుమంత ఖాళీ ఇవ్వని ఆ హైవే మీద లారీ లేదు, హారన్ లేదు. చైతన్యపురి దగ్గర ఉప్మా ఉడుకుతోంది. జీడిపప్పు వేగిన వాసన వచ్చి అండాలమ్మ కొంగు పట్టుకుంది. "రా అక్కా, కూసో" అని ఎవరో ఆకు పరిచారు. తల అడ్డంగా ఊపింది. నాలుగడుగులు వేస్తే బగారా అన్నం. లవంగం, షాజీరా, నెయ్యి. మళ్ళీ తల ఊపింది. పండ్ల మార్కెట్ ముందు ఒక ముసలామె బత్తాయి వొలిచి తొనలు అరచేతిలో పెట్టబోయింది.

"మన నల్గొండ కాయ బిడ్డా, తియ్యగుంటది."

"వద్దవ్వా. రక్తం పరీక్షకు పోతున్న."

"అయ్యో. గట్లయితె ఒచ్చేటప్పుడు తిను. దాసిపెడత."

డప్పులు మోగుతుంటే కోటేశ్వరమ్మ కాళ్ళు ఆమెకు తెలియకుండానే దరువు వేస్తున్నాయి. పెదాలు మాత్రం తాళం వేసినట్టున్నాయి. ఎవరేమడిగినా చిరునవ్వు, చేతి సైగ. "పాపం, మూగదా?" అని ఒకామె జాలిపడింది. అండాలమ్మకు ఆకలిలోనూ నవ్వాగలేదు.

మార్కెట్ దాటి, కొత్తపేటలో ఆర్టీసీ వాళ్ళ టెంటు. అక్కడ ఒక సరదా కట్టడి పెట్టారు: ముద్ద తినకుండా ఎవరూ దాటకూడదు. ఖాకీ చొక్కాల మధ్య, చెరువంత గుండిగ ముందు, మోచేతుల దాకా పసుపుతో లింగస్వామి గరిటె తిప్పుతున్నాడు. ముందు వరసలో ఒక బొద్దు మనిషి నీలం పెట్టెనొకదాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ప్రపంచాన్ని మరిచి భోంచేస్తున్నాడు. అన్నం మధ్య గుంట చేసి పప్పు పోయించుకుని, గుంట తెగి పప్పు పారితే కట్ట వేసి, మళ్ళీ పోయించుకుంటున్నాడు. అండాలమ్మ ఆయన తిండిని కన్నార్పకుండా చూసింది. ఆకలితో ఉన్నవాళ్ళకు తినేవాళ్ళు బాగా గుర్తుండిపోతారు.

"గామెను ఇడిసిపెట్టుండ్రి, రక్తమియ్యాలె" అని లింగస్వామి భార్యకు దారి ఇప్పించాడు. "మరి ఈ అమ్మ?" అన్నారు వాళ్ళు, ఆకు చేతికిస్తూ. తప్పలేదు. కోటేశ్వరమ్మ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని ఆగింది. మింగింది. అప్పుడు, తొమ్మిదింటి నుంచీ బిగబట్టిన తాళం ఫెళ్ళున ఊడింది.

"ఎవరండీ ఈ పప్పు చేసిందీ? చింతపండు పులుసు పోశారా, కృష్ణ వరద పోశారా? ఉప్పేదీ? తిరగమోత ఎక్కడా? ఆవాలు చిటపటమనాలండీ, ఇలా నీళ్ళల్లో ఈదకూడదు!"

డప్పు ఆగింది. నలభై తలలు తిరిగాయి. ఆ మాటలో ఏ ఊరుందో పసిపిల్లలకైనా తెలిసిపోతుంది. కోటేశ్వరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆలస్యంగా.

లింగస్వామి గొంతు సవరించుకున్నాడు. "నేనే చేసిన. ఈమె మా ఇంటి ఓనరమ్మ. పన్నెండేండ్ల సంది గిట్లనే తిడుతది. మీరు గియ్యాల్నే ఇంటున్నరు."

ముందుగా నవ్వింది ఒక లేడీ కండక్టర్. ఆమె నవ్వు వరస వెంట పాకింది. "ఉన్న మాటే అన్నదమ్మా! లింగన్న పప్పు పొద్దటి సంది మింగుతున్నం, ఎవలమన్న నోరు తెరిచినమా?" అని లేచి వచ్చి, లింగస్వామి పక్కనున్న రెండో గరిటె తీసి కోటేశ్వరమ్మ చేతిలో పెట్టింది. "నువ్వే సరిజెయ్యి. తెలంగాణ వచ్చినంక మేం తీరువడిగ నేర్చుకుంటం."

"తీరుబడిగా అంటే ఎలా, మీ జిల్లా మొత్తం తినాలిగా! ఎండుమిర్చి ఏదీ? వెల్లుల్లి దంచండి ముందు. అండాలూ, నువ్వు నడువు, టైమవుతోంది. నేను ఈ పప్పు సంగతి చూసొస్తా."

అప్పటికి పదకొండు. లింగస్వామి భార్య వెంట పరుగున వచ్చాడు. గరిటె కింద పెట్టాలన్న ధ్యాస ఆయనకు రాలేదు. ఎల్బీ నగర్ దాకా దాన్ని జెండాలా పట్టుకుని నడిచాడు.

సాంబమూర్తి ల్యాబు షట్టరు నడుము దాకా దించి ఉంది. వంగి లోపలికి దూరారు. నెరిసిన మీసం, నెమ్మది చేతులు, ఆ చేతుల్లో సూది గుచ్చినట్టే ఉండదు. ఎర్రని గొట్టం నిండింది. ఆయన దాని మీద ఆమె పేరు రాసి, టైము రాస్తూ అడిగాడు.

"అండాలమ్మా, చెయ్యి అంత చల్లగా ఉందేం? టిఫిన్ చేయలేదా?"

"ఎట్ల జేస్త సార్? పరగడుపున ఇయ్యాలె గదా."

సాంబమూర్తి కలం ఆగింది. "దీనికా? దీనికి పరగడుపు అక్కర్లేదే. అది షుగర్ పరీక్షకు. మీరు తినే రావచ్చు."

"గిన్నొద్దుల సంది జెప్పకపోతిరి!"

"మీరు అడగలేదు కదమ్మా. పొద్దున్నే వస్తారు, ఇచ్చి వెళతారు. తిన్నారో లేదో నాకేం తెలుసు? పరగడుపున రమ్మని మీకెవరు చెప్పారు?"

అండాలమ్మ ఆలోచించింది. ఎవరూ చెప్పలేదు. మాత్ర పరగడుపున వేసుకోమన్నారు. మిగతాదంతా తనే కుట్టుకుంది. ఏడుసార్లు! ఉప్మా కళ్ళముందు తిరిగింది, బగారా అన్నం తిరిగింది, అవ్వ చేతిలో బత్తాయి తొన తిరిగింది. లింగస్వామి గోడకానుకుని, గరిటెను పొట్టకు అదుముకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వుతున్నాడు.

"నవ్వు, నవ్వు. నీ పప్పు తినకుండ దేవుడే నన్ను కాపాడిండు" అన్నది. అని, తానూ నవ్వింది. రెండు నెలల తరువాత నవ్విన మొదటి పెద్ద నవ్వు అది.

ఆ నవ్వు తగ్గేసరికి గోడ గడియారం పన్నెండు దాటింది. ఐసుపెట్టె మనిషి రాలేదు. సాంబమూర్తి ఫోన్ చేశాడు. మోగింది, మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. "ఎత్తడం లేదు. మా గోపయ్య ఎప్పుడూ ఇలా చేయడు. ఒంటిగంటకు అక్కడ మిషన్ మీద పెట్టేస్తారు. ఈ వారం తప్పిపోతుందేమో…"

ఇంకో నెల. వంటింట్లో ఆ మాట, మిషన్ పక్కన ఆ మాట. అంతలో అండాలమ్మకు ఏదో మెరిసింది.

"సార్, మీ గోపయ్య పెట్టె నీలం రంగుదా?"

"అవును."

"మనిషి జర బొద్దుగ ఉంటడా? అన్నం నడుమ గుంట చేసి పప్పు పోయించుకుంటడా?"

సాంబమూర్తి కళ్ళద్దాలు పైకి తోశాడు. "ఆయన భోజనం నేనెప్పుడూ చూడలేదమ్మా."

"నేను జూసిన. చూసుకుంటనే నడిచిన!"

గొట్టాన్ని ఐసుముక్కల ఫ్లాస్కులో పెట్టి, షట్టరు దించి, సాంబమూర్తి బయలుదేరాడు. రోగి చేతికి ఇవ్వకూడదట, నియమం నియమమే. కాబట్టి ముందు గరిటెతో లింగస్వామి, మధ్యలో ఫ్లాస్కును పసిబిడ్డలా పొదువుకున్న సాంబమూర్తి, వెనక అదిలిస్తూ అండాలమ్మ. "జర జల్ది నడువుండ్రి సార్, గాయన పెరుగన్నంల కొచ్చుంటడు!"

కొత్తపేట టెంటు దగ్గర గాలి మారిపోయింది. ఇంగువ, వెల్లుల్లి, మాడీ మాడని ఎండుమిర్చి. కోటేశ్వరమ్మ నడుముకు కొంగు చుట్టి, పదిమంది కండక్టర్లను పురమాయిస్తోంది. ముందు వరసలో నీలం పెట్టె మనిషి అక్కడే ఉన్నాడు. కొత్త పప్పు వచ్చిందని ఆకు మార్చుకున్నాడు.

"గోపయ్యా!" అన్నాడు సాంబమూర్తి.

ముద్ద గాల్లో ఆగింది. "సారూ! మీ ల్యాబు బంద్ ఉంటదనుకున్న. షట్టర్ దించి ఉన్నదని ఎవరో చెప్పిన్రు."

"సగమే దించానయ్యా, సగం!"

"అయ్యో, తెల్వకపాయె." గోపయ్య లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు, గొట్టాన్ని తీసుకుని చదివి చూసి పెట్టెలో ఐసు మధ్య నిలబెట్టాడు. తిండి దగ్గర ఎంత తీరికో పని దగ్గర అంత కుదురు. కాని టెంటు పక్కన ఆపిన అతని బైకు కదిలేదెట్లా? ముందంతా జనమే. లింగస్వామి గరిటె పైకెత్తాడు. ఇరవై రెండేళ్ళు బస్సు కిటికీలోంచి అరిచిన గొంతు అది.

"రక్తం పోతున్నది! దారియ్యుండ్రి! మా ఇంటామె రక్తం!"

ఆ మాటను ముందున్నవాళ్ళు అందుకున్నారు, వాళ్ళ ముందున్నవాళ్ళు అందుకున్నారు. ఆకులు జరిగాయి, గుండిగలు జరిగాయి, డప్పులు పక్కకు తప్పుకున్నాయి. రోడ్డును పొద్దటి నుంచీ బిగబట్టిన జనం మధ్యన బండి పట్టేంత సన్నని దారి, పాపిట తీసినట్టు తెరుచుకుంది. గోపయ్య ఆ పాపిట వెంట దూసుకుపోయాడు. బండి దాటగానే దారి మళ్ళీ మూసుకుంది.

అండాలమ్మ గోపయ్య లేచిన చోట కూర్చుంది. ఆకు వేశారు. కోటేశ్వరమ్మే వడ్డించింది.

"తినచ్చా ఇక? నీ పరగడుపు అయిందా?"

"అక్కా, గది అక్కర్లేదంట. ఏడుసార్లు ఊకెనే ఎండబెట్టుకున్న కడుపు."

"చంపావు పో! ఏడు పూటల తిండి బాకీ ఉన్నావన్నమాట. చెయ్యి తియ్యకు, ఇంకో గరిటె."

తిన్నది. వరసలో వాళ్ళు లేచారు, కొత్తవాళ్ళు కూర్చున్నారు, వాళ్ళూ లేచారు. ఆమె ఇంకా తింటూనే ఉంది. ఇంటికి వెళ్ళేదారిలో మార్కెట్ ముందు అవ్వ దాచిపెట్టిన బత్తాయి కూడా తిన్నది.

శనివారం పొద్దున నాలుగు ఇడ్లీలు తిని బయలుదేరింది. నిజానికి మూడే, నాలుగోది పళ్ళెంలోనే మిగిలింది. సాంబమూర్తి కాగితాన్ని మడతపెట్టకుండా, రెండు చేతులతో అందించాడు. అంకెలు చదవడం అండాలమ్మకు చేతనైన విద్యే, రోజంతా చదివేవే. అయినా కళ్ళు ఒకసారి చదివితే మనసు మూడుసార్లు చదివించుకుంది. 0.2 కన్నా తక్కువ.

డాక్టరమ్మ చూసింది, కింది వరసలో పరీక్షను తారుమారు చేసే పదార్థాలేవీ లేవని చూసింది, మెడను వేళ్ళతో తడిమింది. "ఇల్లు ఖాళీయే."

"మరి ఆ పాయింట్ తొమ్మిది, మేడమ్?"

"అది ఆ మిషన్ గొడవ. మీకేం కాలేదు. ఆరు నెలలకు మళ్ళీ రండి. ల్యాబు మాత్రం మార్చకండి."

"నాకు తెలుసు మేడమ్" అన్నది అండాలమ్మ. "ఏ టేపుతోని కొలిస్తె ఆ టేపుతోనే కొయ్యాలె. గింత చిన్న ముచ్చటకు రెండు నెలలు పరేషాన్ అయిన."

ఆ మధ్యాహ్నం ఆమె మిషన్ సొరుగు లాగింది. చిలకపచ్చ పట్టు ముక్క మడత విప్పి, బల్ల మీద పరిచి, చేత్తో నిమిరింది. పసుపుపచ్చ టేపు మెడలో వేసుకుంది. కోటేశ్వరమ్మ రెండో కొస పట్టుకుంది. గుమ్మంలో లింగస్వామి టీ గ్లాసుతో నిలబడ్డాడు, మాట తిప్పే ధైర్యం లేక.

"ముందు మెడ లోతు ఎంత పెట్టమంటావ్?" అని అడిగింది కోటేశ్వరమ్మ, సుద్దముక్క పైకెత్తి.

"ఏడు."

"గుండ్రమేనా?"

"గుండ్రమే అక్కా."

లింగస్వామి టీ గ్లాసు కిటికీలో పెట్టాడు. "గట్లయితె బతుకమ్మ పూలు నేను తెస్త. తంగేడు ఎంత గావాలె?"

"ముందుగాల గా గరిటె డిపోల అప్పజెప్పిరాపో. మూడొద్దుల సంది మన ఇంట్లెనే ఉన్నది" అని, అండాలమ్మ కత్తెర తీసుకుంది. పట్టు మీద సుద్దగీత వెంట, ఎక్కడా ఆగకుండా, కరకరమని కోసుకుంటూ పోయింది.